ఆయా ఆగని పాఠం

మన బడి పిల్లలందరికీ, ముందు మీ ఆరోగ్యాలు అడగాలి. అవి అడగకుండా ఏ సంగతీ మొదలుపెట్టలేను, అది నా జబ్బు అనుకోండి. హార్బరులో పనిచేసే నాయనలారా, మీ నడుములు ఎలా ఉన్నాయి? ఈ వానల్లో తడిబట్టలతో అలాగే ఇంటికి రావద్దు. నెల్లూరికీ సూళ్ళూరుపేటకూ కాపురానికి పోయిన ఆడపిల్లలు, మీరూ మీ బిడ్డలూ బాగున్నారా? లెక్కల టీచరమ్మకు షుగరు తగ్గిందా? కాలికి పుండు పడిందని విన్నాను. చెప్పుల్లేకుండా వాకిట్లోకి కూడా రావద్దని ఎవరైనా ఆమెకు చెప్పండి. మొదటి వరసలో కూర్చునే కవలల్లో చిన్నవాడికి ఆయాసం ఉండేది. వాడు ఇప్పుడు పెయింటు పనిలో ఉన్నాడని తెలిసినప్పటి నుంచి నాకు అదొక దిగులు. నా సంగతంటారా, మోకాళ్ళు పోయాయి, కళ్ళు బాగున్నాయి. కళ్ళ సంగతి తర్వాత చెప్తాను.

ఒక్కరి ఆరోగ్యం మాత్రం ఇక అడగనక్కర్లేదు. మన తెలుగు అయ్యవారు పోయారు.

ఆ పొద్దున నేను రేషన్ షాపు వరసలో ఉన్నాను. పామాయిలు వచ్చిందంటే, మళ్ళీ అయిపోతుందేమోనని షాపు తీయకముందే పోయి నిలబడ్డాను. మన బడిలో చదివి, ఇప్పుడు కాసిమేడులో రొయ్యలు ఒలిచే పనికి పోయే అమ్మాయి ఒకామె ఉంది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు బిడ్డల తల్లి. వరస చివర్నుంచి నా దగ్గరికి నడిచి వచ్చింది.

"ఆయమ్మా, నీకు తెలీదా? అయ్యవారు పోయినారంట. ఏడు గంటలకే. ఆస్పత్రిలోనే."

నేను ఏడవలేదు. ఆయన భార్య, మన అమ్మగారి పక్కన ఎవరున్నారని అడిగాను. ఐసు పెట్టెకు చెప్పారా అని అడిగాను. అమ్మగారు బీపీ మాత్ర వేసుకున్నారో లేదో అని అడిగాను. అవన్నీ నాకెట్ల తెలుస్తాయి ఆయమ్మా అని ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. నా వంతు వస్తే నూనె పాకెట్టు తీసుకుని ఇంటికి వచ్చేశాను. కార్డు షాపులోనే మరిచిపోయానని సాయంత్రం దాకా తెలియలేదు. ఆ అమ్మాయే తెచ్చి ఇచ్చింది.

సంతాప సభలో పంచే పుస్తకానికి తలా ఒక పేజీ రాస్తున్నారట. బడిలో అయ్యవారిని ఎక్కువ ఏళ్ళు చూసింది నేనే కాబట్టి నేను కూడా రాయాలని పాత విద్యార్థులు ఇంటికి వచ్చి చెప్పారు. ఆ బడిలో నేను ఆయాగా గంట కొట్టాను, కుండలు నింపాను, మీ ముక్కులు తుడిచాను. నా చదువు మూడో తరగతి. నేను పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది నా కూతురు సాపు రాసింది. సగంలో కలం కింద పెట్టేసి, "ఇది ఎందుకు రాస్తావుమా, ఎవురడిగినారు నిన్ను?" అంది. రాయి, అన్నాను.

అయ్యవారు ఎలాంటి మనిషో మీకు చెప్పక్కర్లేదు. అయినా బల్లల మీద కూర్చున్న మీకు కనపడనివి గుమ్మంలో కూర్చున్న నాకు కనపడేవి. క్లాసుకు పోయే ముందు సుద్దముక్కను రెండుగా విరిచి ఒక సగం జేబులో వేసుకునేవారు. బోర్డు దగ్గరికి పిలిచిన పిల్లకు ఇచ్చేది ఆ సగం. పిల్ల తప్పు రాస్తే చెరిపేవారు కాదు. పక్కనే తన సుద్దతో సరైనది రాసి, రెండూ చూడమని చెప్పి వెనక్కి వచ్చి నిలబడేవారు. సాయంత్రం బోర్డు తుడిచేటప్పుడు తప్పూ ఒప్పూ పక్కపక్కనే ఉండేవి. మధ్యాన్నం అన్నం గిన్నె విప్పే ముందు నా వైపు చూసి, తిన్నావా అని అడిగేవారు. నేను తినలేదంటే గిన్నె మూత మళ్ళీ పెట్టేవారు. అందుకని తినకపోయినా తిన్నాననేదాన్ని. ఆయనతో అబద్ధం చెప్పడం నాకు అలా అలవాటయింది.

ఆయన జేబు నిండా బస్సు టిక్కెట్లు ఉండేవి, వాటి వెనక మాటలు. కండక్టరు ఏమన్నాడు, చేపలమ్మ ఏమంది, మెకానిక్కు తన సామాను పేరు ఎలా పలికాడు. ఇంగ్లీషులోంచి వచ్చి మన నోళ్ళలో పడి అరిగిన మాటలంటే ఆయనకు ప్రాణం. అమ్మగారు చూసుకోకుండా చొక్కాతో పాటు ఉతికేస్తే ఆ టిక్కెట్లు ముద్దయిపోయేవి. ఆయన ఆ ముద్దను ఎండబెట్టి, పొర పొరగా విప్పుతూ కూర్చునేవారట. "నా మెళ్ళో గొలుసు పోయినా ఈయన ఇంత ఎతకడు" అని అమ్మగారు నాతో అన్నారు.

ఒకసారి బడి వార్షికోత్సవం కార్డులు తేవడానికి జార్జి టౌన్‌కు నన్ను తోడు తీసుకుపోయారు. ఆ సందులో తోపుడు బండ్లు, మూటలు, అరుపులు. ఆయన మాత్రం కార్డులు అచ్చేసే ఆయన ముందు నిలబడి, రిసెప్షన్ అనే మాటను ఒక పెళ్ళికార్డులో ఒక రకంగా, ఇంకో పెళ్ళికార్డులో ఇంకో రకంగా ఎందుకు వేశావని గంటసేపు వాదించారు. అచ్చాయన మన తెలుగువాడే. అంతా ఓపికగా విని, "అయ్యవారూ, పెండ్లికి రాండి, తిని పోండి. అక్షరాలకు మాత్రం రాబాకండి" అన్నాడు. బస్సులో దారి పొడుగునా అయ్యవారు అది తలుచుకుని నవ్వుతూనే ఉన్నారు. అయినా వారం తిరక్కుండా మళ్ళీ పోయి, ఏ మాట ఎలా రాయాలో ఒక కాగితం మీద రాసి ఆయనకు ఇచ్చి వచ్చారు.

ఇక మూడో తరగతి వాచకం సంగతి. మనం ఉండేది అరవ ఊరు గదా, మన బళ్ళకు వచ్చే తెలుగు వాచకాన్ని అరవ పుస్తకంలోంచి తిప్పి రాసేవారు. ఆ పని చేసేది ఒకరు కాదు, నలుగురైదుగురు. అందువల్ల బయటి నుంచి వచ్చిన మాట ఒక్కో పాఠంలో ఒక్కో వేషంలో ఉండేది. ఒక పాఠంలో ఆస్పత్రి, ఒక పాఠంలో ఆసుపత్రి, ఇంకో పాఠంలో హాస్పిటల్. మీలో ఒకడు లేచి, అయ్యవారూ, మూడు కట్టినారు గదా, మన ఇండ్లకు దగ్గరుండేది ఏది అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. అయ్యవారు నవ్వలేదు. ఆ వారమే పుస్తకాలు వేసే పైవాళ్ళకు ఉత్తరం రాశారు. అలా రాసి రాసి, చివరికి కొత్త వాచకం తయారయ్యేటప్పుడు, ఆ మాటలన్నీ ఒక తీరుకు తెచ్చే పని వాళ్ళు ఆయనకే అప్పగించారు.

"బయటినుంచి వచ్చిన మాట చుట్టం కాదమ్మా, కోడలు. మన ఇంట్లో తిరగాల, మన పనులు చెయ్యాల. దానికి మన చీర కట్టాల గదా." అదీ ఆయన లెక్క.

అన్ని కాగితాలూ సరిచూడటానికి ఆయన ఎంచుకున్నది నన్ను. టీచర్లకు ఇంగ్లీషు వచ్చు, ఎలా రాసినా చదివేస్తారు. పిల్లలు ఆయన మొహం చూసి ఊహించి చెప్పేస్తారు. నీ చదువు మూడో తరగతి, నా పుస్తకం మూడో తరగతి, నువ్వు ఆగిన చోట తప్పు నాది అన్నారు. బడి వదిలి మీరందరూ పోయాక, మూడో తరగతి గది గుమ్మంలో కూర్చుని నేను పైకి చదవాలి. ఆయన నా ఎదురుగా పిల్లల బల్ల మీద కూర్చునేవారు. నేను ఆగితే ఆ మాట పక్కన గుర్తు పెట్టి, మర్నాడు దాన్నే ఇంకో తీరున రాసి తెచ్చేవారు. ఆగకుండా పోతే పాఠం పక్కన "ఆయా ఆగలేదు" అని రాసుకునేవారు.

మొదట్లో ఆగిన ప్రతిసారీ నాకు చెమటలు పట్టేవి. "సిగ్గుపడాల్సింది రాసినోడు, చదివేవాళ్ళు కాదు" అనేవారు. నాకు ఏమీ రాకపోవడం ఒక పనికి పనికొస్తుందని అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఎలెక్ట్రిసిటీ అన్న చోట నేను ఆగాను. మూడు రోజులు మూడు రకాలుగా రాసి తెచ్చారు, మూడు రోజులూ ఆగాను. నాలుగో రోజు కరెంటు అని రాసి తెచ్చారు. పుస్తకంలో ఒక మాట నా వల్ల మారిందని ఆ రోజు పొయ్యి ముందర కూర్చుని ఎన్నిసార్లు తలుచుకున్నానో.

నా కళ్ళు పోవడం మొదలైంది ఆ ఏడాదే.

మొదట దూరంగా ఉన్న దీపాలు చెదిరినట్టు కనపడేవి. తర్వాత అక్షరాల మీద పొగ కమ్మింది. మనుషులు తెలిసేవారు, కుండలో నీళ్ళెంత ఉన్నాయో తెలిసేది, అచ్చక్షరం మాత్రం అలుక్కుపోయేది. ఆ వేసవికి ముందే, చెవులు సరిగ్గా వినపడటం లేదని బడివాళ్ళు వాచ్‌మన్ తాతను ఇంటికి పంపేశారు. రేపటినుంచి రావద్దన్నారు, అంతే. ఆయన గొడుగూ అన్నం గిన్నే తీసుకుని గేటు దాటి పోవడం నేను చూశాను. మా ఇంట్లో అప్పటికి ఇంటాయన నడుము విరిగి హార్బరు పని మానేసి కూర్చున్నాడు. పొయ్యి నా పని మీదే వెలిగేది. కళ్ళ సంగతి బయటపడితే నాకూ ఆ గేటేనని నిద్ర పట్టేది కాదు. అయ్యవారితో చెప్పి ఉంటే ఆయన ఎవరికీ చెప్పేవారు కాదని ఇప్పుడు తెలుస్తోంది. భయపడేవాళ్ళకు మంచివాళ్ళ మీద కూడా నమ్మకం చాలదు.

అప్పుడు వచ్చింది హార్బరు పాఠం. కొత్తగా చేర్చిన పాఠం అది. ఒక పిల్లవాడు తండ్రితో హార్బరు చూడటానికి పోతాడు. క్రేన్, కంటెయినర్, కస్టమ్స్, లైట్‌హౌస్, ట్రాన్స్‌పోర్ట్, అన్నీ పొల్లు అక్షరాలు, ఒత్తుల కింద ఒత్తులు. అయ్యవారికి ఆ రాత మీద మొదటినుంచీ అనుమానమే. మార్చాల్సిన మాటలన్నీ కంటేనరు, లైటవుసు అని మన నోటికి వచ్చినట్టు రాసి ఒక జాబితా పెట్టుకున్నారు. అయినా నేను చదివాకే మారుద్దామన్నారు.

బీరువా తాళం నా దగ్గరే ఉండేది. ఆ కాగితాలు అన్నం సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నా కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి, ఇంగ్లీషు కూడా గలగలా చదివేది. మూడు సాయంత్రాలు నేను పిండి రుబ్బుతుంటే ఎదురుగా కూర్చోబెట్టి ఆ పాఠం చదివించుకున్నాను. మాలాంటి వాళ్ళకు నోటికి పట్టడం కష్టం కాదు. మంగళహారతులూ పెళ్ళిపాటలూ అన్నీ అలాగే నేర్చుకున్నాము. నాలుగో రోజుకు పాఠం మొత్తం నా నోట్లో ఉంది.

గుమ్మంలో కూర్చుని, వరస కింద వేలు జరుపుతూ చదివినట్టు చెప్పేశాను. మొదటి పేజీ ఎక్కడ అయిపోతుందో కూతురి చేత ముందే చెప్పించుకుని అక్కడ కాగితం తిప్పాను. లైట్‌హౌస్ అని రాసి ఉన్న చోట లైటవుసు అంటూ ఎక్కడా తడబడకుండా పోయాను. అయ్యవారు తలెత్తి నా వైపు చూశారు.

"ఏమమ్మా, కంటెయినర్ కాడ కూడా ఆగలేదే నువ్వు?"

"హార్బరు మాది గదా అయ్యవారూ. మా ఇంటాయన దినామూ చెప్పిన మాటలే గదా. ఎందుకాగతాను?"

ఆయన మొహం ఎంత వెలిగిందో, ఆ మసక కళ్ళకు కూడా తెలిసింది. నేనే పిచ్చోణ్ణి, జనానికి నేననుకున్న దానికన్నా ఎక్కువ వచ్చు అన్నారు. తను పెట్టుకున్న జాబితాను నా ముందరే చించేశారు. పాఠం పక్కన "ఆయా ఆగలేదు. మార్చవద్దు" అని రాశారు. ఇంత కష్టమైన పాఠంలోనే ఆగకపోతే మిగతావి ఎందుకని, ఆ తర్వాతి పాఠాలు నాతో చదివించలేదు. ఆ రాతే అన్నిచోట్లా ఉంచవచ్చునని పైవాళ్ళకు ఆయనే రాశారు. నేను బయటపడ్డానని ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికి పోతూ కూతురికి జిలేబీ కొన్నాను.

జూన్‌లో పుస్తకం వచ్చింది. కట్టలు విప్పి పంచింది నేనే. నెల తిరిగేసరికి గుమ్మంలో కూర్చున్న నాకు వినపడుతూనే ఉంది. ముందు పాఠాలు గబగబా పోతాయి, హార్బరు పాఠం దగ్గరికి వచ్చేసరికి క్లాసు గొంతు పడిపోతుంది. అయ్యవారు మళ్ళీ ఒకసారి, మళ్ళీ ఒకసారి అంటూనే ఉన్నారు. ఒకరోజు బయటికి వచ్చి నా వైపు చూశారు. నువ్వే ఆగలేదే, వీళ్ళెందుకు ఆగతాండారని అడిగారు. పిల్లకాయలకు ధ్యాస లేదని చెప్పాను. మీ మీద చెప్పాను, నాయనలారా. మీకు ధ్యాస లేదని.

ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు వచ్చిందో మీలో కొందరికి బాగా గుర్తుండాలి. ఆ రోజు లేచి నిలబడింది మీరే. వచ్చిన ఆఫీసరు, హార్బరు పక్కన ఉన్న బడి గదా, హార్బరు పాఠమే చదవమన్నాడు. ఐదుగురు లేచారు, ఐదుగురూ ఆగారు. ఐదో పిల్ల మొదటి వరసలోనే ఆగిపోయి పుస్తకం అంచు నలుపుతూ నిలబడింది. ఆఫీసరు బొమ్మ మీద వేలు పెట్టి ఇది ఏమిటి అన్నాడు.

"కంటేనరు సార్. మా నాయన దాంట్లోనే మూటలెత్తేది."

బొమ్మను ఎవరైనా చెప్తారు, అక్షరం చెప్పు అన్నాడు. పిల్ల ఏడ్చింది. సొంత భాషే చదవలేని వీళ్ళకు ఆ భాషలో వేరే సెక్షన్ ఎందుకని ఆయన హెడ్మాస్టరుతో అరవంలో అన్నాడు. అయ్యవారు పిల్లకూ ఆయనకూ మధ్య వచ్చి నిలబడ్డారు.

"తప్పు పిల్లలది కాదు సార్. పుస్తకం సరిచూసింది నేను."

నేను నీళ్ళ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరిచాను. వేడినీళ్ళు కావాలా సార్ అని అడిగాను.

మరుసటి జూన్‌లో మూడో తరగతికి తెలుగు సెక్షన్ లేదు. తర్వాత నాలుగు, తర్వాత ఐదు. అయ్యవారు మిగిలిన ఏళ్ళు అరవం మీడియం పిల్లలకు హాజరు వేస్తూ, లైబ్రరీ తాళాలు చూస్తూ గడిపారు. ఆ ఐదో పిల్ల తండ్రి, ఏ భాషలోనూ చదవని దానికి బడెందుకని మాన్పించాడు. ఆమె రొయ్యల షెడ్డుకు పోయింది. రేషన్ వరసలో నాకు కబురు చెప్పింది ఆమే. నా కార్డు తెచ్చి ఇచ్చింది ఆమే. ఆమె వేళ్ళు ఐసు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. నేను చూడకుండా ఉండాలనుకుంటాను, చూస్తాను.

ఇది రాస్తుంటే నా కూతురు కోప్పడింది. "నువ్వొకదానివే బడి మూసేసినావా? అంత పెద్ద మనిషివా నువ్వు?" అంది. తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలన్నారు, పిల్లలు తగ్గిపోయారు, ఎట్లయినా మూసేవాళ్ళే అంది. నిజమే కావచ్చు. బడి మొత్తం నా మెడకు చుట్టుకునేంత తెలివి నాకు లేదు. ఆ పాఠం మాత్రం నాదే. దాని సంగతి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పలేదు.

కొన్నేళ్ళకు ఉచిత శిబిరంలో నా కళ్ళకు ఆపరేషన్ చేశారు. కట్టు విప్పిన వారానికి, పాత పుస్తకాల్లోంచి ఆ వాచకం తీసి హార్బరు పాఠం మొదటిసారిగా చదివాను. మొదటి వరసలోనే ఆగాను. రెండో వరసలో రెండుసార్లు ఆగాను. పిల్లలు ఎక్కడెక్కడ ఆగారో సరిగ్గా అక్కడే. పుస్తకాన్ని చీర కొంగులో చుట్టుకుని చింతాద్రిపేటలో అయ్యవారి ఇంటికి పోయాను. అమ్మగారు కాఫీ ఇచ్చారు. అయ్యవారు కళ్ళెలా ఉన్నాయని అడిగారు. నేను కూతురి సర్టిఫికెట్టు మీద ఒక సంతకం కావాలని చెప్పి, అది పెట్టించుకుని వచ్చేశాను. ఆ తర్వాత రెండుసార్లు పోయాను. రెండుసార్లూ ఏదో ఒక సంతకమో, మాత్రల పేరో అడిగి వచ్చాను.

రిటైరయ్యాక ఆయన ఆదివారాలు తొండియార్‌పేటకు బస్సులో వచ్చి, ఒక పాత విద్యార్థి ఇంటి మిద్దె మీద రేకుల కింద పిల్లలకు తెలుగు చెప్పేవారు. మొన్న వేసవి దాకా వచ్చారు. ఆయాసంతో మెట్టు మెట్టుకూ నిలబడి ఎక్కేవారు. అంత కష్టం ఎందుకు అయ్యవారూ అని ఒకసారి అడిగాను. "ఆ పుస్తకం నేను సరిగ్గా చూడలేదమ్మా" అన్నారు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు.

చివరిసారి ఆస్పత్రిలో చూశాను. మూతికి ఆక్సిజన్ గొట్టం ఉంది. నన్ను చూసి దాన్ని కొంచెం పక్కకు జరుపుకున్నారు.

"కండ్లు ఎట్లుండాయమ్మా?"

"బాగుండాయి అయ్యవారూ."

అంతే. నర్సు వచ్చి గొట్టం సర్దింది. ఆయన అందరూ అడిగినట్టే అడిగారా, తెలిసి అడిగారా? బస్సులో వస్తూ అదే ఆలోచించాను. ఇప్పుడూ అదే ఆలోచిస్తున్నాను. ఇక తెలిసే దారి లేదు.

పదకొండో రోజు అయ్యాక అమ్మగారు ఫోన్ చేశారు. అయ్యవారి మంచం కింద ఆ పాత వాచకం కాగితాల కట్ట దొరికిందట. ఆదివారం క్లాసు పిల్లలకు ఆయన పేరు మీద ఒక వాచకం వేద్దామని మీరు అనుకున్నారు గదా, దానికి ఇవే సరిపోతాయని, ఆయన సరిచూసినవే గదా అని, సభ అయిన తర్వాతి సోమవారం ప్రెస్సుకు ఇస్తున్నారట. అన్నిటికన్నా పైన ఉన్నది హార్బరు పాఠం. పక్కన ఏదో రాసి ఉందని అమ్మగారు చదివి వినిపించారు. ఆయా ఆగలేదు. మార్చవద్దు.

నేను గడప మీద కూర్చున్నాను.

"అమ్మగారూ, అది ప్రెస్సుకు ఇయ్యబాకండి. ఆ పాఠం నేను చదవలే."

"ఏంది?"

"అప్పుడు నాకు కండ్లు కనపడలే. పని పోతాదని ఎవురికీ చెప్పలే. నోటికి పట్టి అప్పజెప్పినాను. అయ్యవారు నమ్మినారు."

వాళ్ళింట్లో ఫ్యాను తిరిగే చప్పుడు నాకు వినపడుతూ ఉంది.

"ఇన్నేండ్లు ఆయన తననే తిట్టుకున్నాడే" అన్నారు అమ్మగారు. "అన్నం తింటా తింటా ఆపేసి తిట్టుకునేవాడు. నువ్వు ఈ ఇంట్లో కూర్చోని కాఫీ తాగినావు."

అవునన్నాను.

ఫోన్ పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. గొంతులో తడి లేకుండా, పని చెప్పినట్టు చెప్పారు. కట్ట అడుగున వాన చెమ్మకు తడిసింది. విప్పి, ఆయన పడుకున్న మంచం మీద ఒక్కో కాగితం పరిచి ఆరబెట్టారు. ఫ్యాను గాలికి లేవకుండా ఒక్కోదాని మీద ఒక్కో గ్లాసు పెట్టారు. గ్లాసులు చాలక గిన్నెలు పెట్టారు, గిన్నెలు చాలక ఆయన మందు సీసాలు పెట్టారు. మంచం నిండిపోయిందట. నేను వచ్చి ఒక్కోటి పైకి చదవాలి, ఎదురుగా ఆమె కూర్చుంటారు. ఎక్కడ ఆగితే అక్కడ ఆమె గుర్తు పెడతారు.

అమ్మగారు నన్ను క్షమించలేదు. అడగను కూడా. ఆమెకు బీపీ ఉంది, ఎక్కువసేపు కూర్చోగలరో లేదో. నేను బస్సు రెండు మారాలి, వానైతే ఎట్లా అని ఇప్పుడే బెంగగా ఉంది. కంటి చుక్కలు వేసుకుని, అద్దాలు తుడుచుకుని పోతాను. ఆ రోజు లేచి నిలబడ్డ ఐదుగురిలో ఎవరికైనా నన్ను చూడబుద్ధయితే రండి, ఏమన్నా అనాలంటే అనండి. షెడ్డుకు పోయే అమ్మాయికి ఇదంతా నిన్న నా నోటితోనే చెప్పాను. ఎప్పుడు పోతాండావని మాత్రం అడిగింది.

ఈ పుస్తకం శుక్రవారం సభలో మీ చేతికి వస్తుంది. నేను చింతాద్రిపేటకు పోయేది ఆ తర్వాతి ఆదివారం, పొద్దున పది గంటలకు.